ఇఫుగావో వరి మెట్లపొలాలు

ఇఫుగావో వరి మెట్లపొలాలు ఫిలిప్పీన్స్ దేశంలోని లుజోన్ ద్వీపపు ఉత్తర భాగాన, కార్డిల్లెరా పర్వతాలలో ఉన్నాయి. ఇఫుగావో అనే గిరిజన జాతివారు కొండవాలులను మెట్లుగా మలచి ఈ వరిమళ్ళను నిర్మించుకున్నారు. వీటిలో బటాడ్, బంగాన్, మయోయావో, హుంగ్‌డువాన్, నాగకడాన్ అనే ఐదు సముదాయాలను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నిర్మాణం, నీటి పారుదల

వాలు నేలపై వాననీరు వేగంగా పారి మట్టిని కోసుకొనిపోతుంది. వాలును మెట్లుగా కోసి, ప్రతి మెట్టు అంచున రాతితో గాని మట్టితో గాని గోడ కట్టి, లోపలి నేలను చదును చేసినచో నీరు నిలిచి వరిసాగుకు వీలు కలుగుతుంది. మళ్ళకు ఎగువన "ముయోంగ్" అనే అడవులు ఉంటాయి. ఇవి ఆయా కుటుంబాల ఆస్తి. ఈ అడవులు వాననీటిని పట్టి ఉంచి ఊటలుగా విడిచిపెడతాయి. ఆ నీటిని కాలువల ద్వారా, వెదురు గొట్టాల ద్వారా మళ్ళకు మళ్ళిస్తారు. పైమడి నిండిన పిదప నీరు క్రిందిమడికి దిగుతుంది. కావున ఎగువన ఒక గోడ కూలినచో దిగువ రైతులందరూ నష్టపోతారు.

పంట, ఆచారాలు

ఇక్కడి సంప్రదాయ వరిని "తినవోన్" అంటారు. ఏడాదికి ఒకసారి పండేది అని దీని అర్థం. ధాన్యపు కొట్లకు కాపుగా "బులుల్" అనే కొయ్య బొమ్మలను నిలుపుతారు. విత్తులు చల్లునపుడు, కోతల సమయంలో "హుడ్‌హుడ్" అనే కథాగేయాలు పాడతారు. వీటిని పాడేవారిలో స్త్రీలే ప్రధానం.

కాలనిర్ణయం

ఈ పొలాలు రెండువేల ఏళ్ళనాటివని చాలాకాలం పాఠ్యపుస్తకాలలో చెప్పబడినది. అయితే స్టీఫెన్ అకబాడో మొదలైన పురావస్తు శాస్త్రజ్ఞుల పరిశోధనలను బట్టి, ఇక్కడ మెట్లపై వరిసాగు విస్తరించినది సుమారు 400 ఏళ్ళ క్రితమే. స్పెయిన్ వారి రాకతో పల్లపు ప్రాంతాల ప్రజలు కొండలకు తరలిరావడం ఇందుకు కారణమని వీరి అభిప్రాయం. అంతకుముందు ఇక్కడ చేమ పండించేవారు.

పరిరక్షణ

గోడలకు ఏటేటా మరమ్మతు అవసరం. యువత చదువులకు, ఉద్యోగాలకు పట్టణాలకు వలసపోవడంతో పనివారు కరవై అనేక మళ్ళు బీడువడ్డాయి. అందువల్ల 2001లో యునెస్కో వీటిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. మరమ్మతులు, పరిరక్షణ చర్యల అనంతరం 2012లో ఆ జాబితా నుండి తొలగించింది. ఇవి సాగులో ఉన్నంతకాలమే నిలుస్తాయి. సేద్యం ఆగినచో గోడలు కూలి మళ్ళు మరల కొండవాలులో కలిసిపోతాయి.