ఎడ్లబండి నుంచి వంద రూపాయల పెట్రోలు దాకా: మా ధన్నూర రాకపోకలు

మా ఇంటి సంగతులు రాసుకునే ఈ చోట ఇంతకుముందు పండుగలు, పిండివంటలు, తాతల నాటి ఉర్దూ కాగితాలు వచ్చాయి. ఈసారి బండ్ల ముచ్చట. ఏ కాలంలో ఏ బండి ఎక్కినం, ఎందుకు దిగినం అని ఇంట్లో పెద్దలందరినీ కూర్చోబెట్టి లెక్క తీస్తే, దాదాపు ప్రతి మార్పు వెనుకా చమురు సంగతి కనబడింది. సొంత భాష మాట్లాడే గడ్డకు అవతల స్థిరపడిన మనబోటి ఇండ్లకు ఇది ఉత్త ఖర్చు లెక్క కాదు. చుట్టాల ఇంటికి ఎవరు పోతారు, ఏడాదికి ఎన్నిసార్లు పోతారు, పిల్లల నోట తెలుగు ఎంత మిగులుతుంది అన్నవి కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి.

గీత మా మధ్యకు వచ్చింది

ధన్నూర బీదరు జిల్లా భాల్కీ తాలూకాలోని ఊరు. 1948 దాకా ఇది నిజాం రాజ్యం. అప్పుడు మా వాళ్లకు జహీరాబాదు, నారాయణఖేడ్, ఉద్గీర్ అన్నీ ఒకే జిల్లా ఊర్లు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ పాత బీదరు జిల్లా మూడు ముక్కలైంది. బీదరు, భాల్కీ, హుమ్నాబాదు, ఔరాద్ వైపు మైసూరు రాష్ట్రంలోకి, జహీరాబాదు, నారాయణఖేడ్ వైపు ఆంధ్రప్రదేశ్‌లోకి, ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ వైపు బొంబాయి రాష్ట్రంలోకి, అక్కడి నుంచి తర్వాత మహారాష్ట్రలోకి పోయాయి. కాబట్టి మేము వలస వచ్చినవాళ్లం కాదు. ఉన్నచోటనే ఉన్నం, గీతే వచ్చి మా మధ్యలో పడ్డది. వియ్యంకులు అవతలి రాష్ట్రం వాళ్లయిండ్రు.

గీతకు ముందు కాలంలో పెండ్లికి గానీ, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని జాతరకు గానీ పోవాలంటే ఎడ్లబండే. బండి మీద గుడిసెలాగ కమాను కట్టి, కింద గడ్డి పరిచి, దాని మీద బొంత వేసేవారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, రొట్టెలు, పచ్చడి జాడీలు అన్నీ అందులోనే. ఆ బండికి కావలసిన ఇంధనం మా చేలోనే పండేది: జొన్నచొప్ప, కంది పొట్టు. దారిలో చెరువు కాడ ఎడ్లను విప్పి నీళ్లు పెడితే అదే పెట్రోలు బంకు. రోజుకు పదిహేను, ఇరవై మైళ్లకంటే సాగేది కాదు. కానీ ఒకసారి బండి కట్టినాక ఇద్దరు పోయినా, ఎనిమిది మంది పోయినా ఖర్చు ఒకటే. అందుకే ఇల్లంతా కదిలేది, పోయినచోట పది రోజులు ఉండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రైలు, నిజాం బస్సు, దొరకని పెట్రోలు

నిజాం కాలంలోనే వికారాబాదు నుంచి బీదరు మీదుగా పర్లీ వైజనాథ్ దాకా రైలు దారి పడింది. మా వైపు వాళ్లు హల్బర్గాలోనో, భాల్కీలోనో ఎక్కేవారు. 1932లో నిజాం రైల్వే వాళ్లే రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టారు. ఈనాటి తెలంగాణ, ఆంధ్ర ఆర్టీసీలు రెండూ దానినుంచి పుట్టినవే. బీదరు వైపు బస్సులు రాష్ట్రాల విభజన తర్వాత మైసూరు రవాణా శాఖ కిందికి, 1961లో కేఎస్ఆర్టీసీ కిందికి వచ్చాయి. 2000లో ఈశాన్య కర్ణాటక సంస్థ విడిగా ఏర్పడింది. 2021లో దానికే కల్యాణ కర్ణాటక అని పేరు మారింది.

పెట్రోలు కష్టం అంటే ధర పెరగడమేనని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. పాతవాళ్లకు అది చుక్క దొరకకపోవడం. రెండో ప్రపంచ యుద్ధం నాడు దేశమంతటా పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలాంటి డబ్బా బిగించి, ఆ బొగ్గు గ్యాసుతో ఇంజను నడిపించారు. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడవాల్సిందే. ఆ తర్వాత 1948లో భారత ప్రభుత్వానికీ నిజాముకూ నడుమ యథాతథ ఒప్పందం తెగేదాకా వచ్చి, హైదరాబాదు రాజ్యం చుట్టూ సరుకుల దిగ్బంధం జరిగినప్పుడు పెట్రోలుకు కటకట వచ్చింది. మోటార్లు ఉన్న పెద్దింటివాళ్లు వాటిని మూలకు నిలిపేశారు. ఎడ్లబండి ఉన్నవాడికి మాత్రం ఆ సంగతే తెలియలేదు. మా ఇంట్లో చాలా ఏండ్ల దాకా ఎడ్లను అమ్మనిది ఆ కాలం భయంతోనే. "మోటారు ఎప్పుడు నిలబడ్తదో చెప్పరాదు, ఎద్దు నిలబడదు" అని తాతల మాట.

1973: ఢిల్లీలో కూడా ఎడ్లబండి

1973 అక్టోబరులో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చి అరబ్బు దేశాలు చమురును ఆయుధం చేసుకున్నాయి. పీపా మూడు డాలర్ల దగ్గర ఉన్న ముడిచమురు 1974 జనవరికల్లా పన్నెండు డాలర్లకు దగ్గరైంది. ఇక్కడ ప్రభుత్వం పెట్రోలు ధరను ఒక్కసారిగా బాగా పెంచింది. దానికి నిరసనగా ఆ నవంబరు 12న అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. ఆ వార్త విని మా ఊళ్లో నవ్వుకున్నారట, మేము రోజూ చేసే పనికి ఢిల్లీలో ఇంత పేరా అని.

కానీ ఆ దెబ్బ పల్లెకు కూడా తాకింది. పెట్రోలు జీపులున్న వాళ్లు వాటికి డీజిలు ఇంజన్లు ఎక్కించుకున్నారు. మోటారు సైకిలు ఆలోచన చేస్తున్నవాళ్లు సైకిలు దగ్గరే ఆగారు. అప్పుడే చిన్న బండ్ల కాలం మొదలైంది. పూణే కైనెటిక్ కంపెనీ లూనా 1972లో వచ్చింది. హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది 1980లో. సైకిలుకు ఇంజను పెట్టినట్టుండే ఆ బండి మీద పాలక్యాను, ఎరువు సంచి, వెనుక ఒక మనిషి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ఇంకో మలుపు. అప్పటి బండ్లు చాలామట్టుకు రెండు స్ట్రోకులవి. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి, కొంత మండకుండానే పొగలో పోతుంది. నాలుగు స్ట్రోకుల బండి అదే లీటరుతో చాలా దూరం పోయింది, లీటరుకు 80 కిలోమీటర్లని ప్రచారం చేశారు. ఈ దేశంలో బండి కొనేవాడు ముందు "ఎంత ఇస్తది?" అని అడిగే అలవాటు ఆ ధరల దెబ్బలతోనే గట్టిపడింది.

ఇక్కడ ఒక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మోటారు సైకిలు మీద పోయేది ఒక మగమనిషి, మహా అయితే ఇద్దరు. ఎడ్లబండి పోయినప్పుడు ఇల్లంతా పోయేది. మోటారు సైకిలు వచ్చాక "ఇంటికొక్కరు" పోయి కట్నం చదివించి సాయంత్రానికి తిరిగి వచ్చే పద్ధతి మొదలైంది. పది రోజుల చుట్టరికం ఒక పూటకు వచ్చింది.

టంటం, క్రూజరు, డీజిలు కారు

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీదికి పోయింది. ఆ అక్టోబరులో మన దేశంలో చమురు సరుకుల మీద 25 శాతం గల్ఫ్ సర్‌చార్జి వేశారు. ఆ తర్వాతి ఏండ్లలో మా వైపు రోడ్ల మీద బలపడినవి పంచుకుని ఎక్కే బండ్లు: మూడు చక్రాల టంటం, క్రూజరు జీపు. పదిమంది పట్టే చోట పదిహేను మందిని ఎక్కించి, డీజిలు ఖర్చును పదిహేను భాగాలు చేసేవారు. సుఖం లేదు, భద్రత అంతకన్నా లేదు. కానీ బస్సు రాని పొద్దున భాల్కీ సంతకు, బీదరు దవాఖానకు చేర్చింది అవే.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం అదుపు వదిలేసింది, డీజిలు మీద మాత్రం ఉంచింది. 2012 మే 24న పెట్రోలు ఒక్క రోజే లీటరుకు 7 రూపాయల 54 పైసలు పెరిగింది. అప్పుడు ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిలు 41 కూడా లేదు. ఇంత తేడా ఉంటే ఎవరు పెట్రోలు కారు కొంటారు? మా చుట్టాల్లో ఆ రెండు మూడేండ్లలో కారు కొన్నవాళ్లు దాదాపు అందరూ డీజిలే తీసుకున్నారు. 2013 జనవరి నుంచి డీజిలును నెలకు యాభై పైసల చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో దాన్నీ వదిలేశారు. తేడా కరిగింది. ధర చూసి కొన్న బండి పదేండ్లు ఉంటుంది, ఆ ధర మాత్రం పదేండ్లు ఉండదు. మా ఇండ్లన్నీ నేర్చుకున్న పాఠం ఇది.

వంద దాటిన ఏడు, సరిహద్దు బంకు

2021 జూన్‌లో మా జిల్లాలోనూ, హైదరాబాదులోనూ పెట్రోలు లీటరు వంద దాటింది. ఆ నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు కర్ణాటక తన పన్నును కూడా తగ్గించింది, తెలంగాణ తగ్గించలేదు. ఫలితంగా హైదరాబాదులో పెట్రోలు 108 రూపాయల 20 పైసలు, బెంగళూరులో 100 రూపాయల 58 పైసలు. డీజిలు అక్కడ 94 రూపాయల 62 పైసలు, ఇక్కడ 85 రూపాయల 1 పైస. నలభై లీటర్ల కారు ట్యాంకుకు మూడు వందలు మిగులు, రెండు వందల లీటర్ల లారీకి పందొమ్మిది వందలు. 1956లో మా మధ్య గీత పడ్డప్పుడు నష్టమే అనుకున్నం. అరవై ఐదేండ్లకు ఆ గీత ఇవతల ఉండడం ఒక లాభమైంది. జహీరాబాదు వైపు చుట్టాలు మా ఇంటికి వస్తే తిరిగి పోయేటప్పుడు ట్యాంకు నిండా పోయించుకుని పోవడం అలవాటైంది. "పెట్రోలు కొరకన్నా వస్తుండ్రు కదా" అని మా మేనత్త పరాచికం. 2024 జూన్‌లో కర్ణాటక పెట్రోలు మీద మూడు రూపాయలు పెంచాక ఆ తేడా కొంత తగ్గింది, పోలేదు.

బీదరు నుంచి హైదరాబాదుకు పోయి రావడం మూడు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. లీటరుకు పదిహేను ఇచ్చే కారుకు ఇరవై లీటర్లు, అంటే రెండు వేల పైమాట. మోటారు సైకిలుకు ఐదు లీటర్లు చాలు. నలుగురు పోతే కారు, ఒక్కరే పోతే బండి, ఇద్దరు ముగ్గురైతే రైలు లేదా బస్సు అని మా ఇంట్లో లెక్క కుదిరింది. 2017 అక్టోబరులో బీదరు–కలబురగి రైలు దారి తెరిచాక ఆ వైపు పనులకు కూడా కారు తీయడం తగ్గింది.

ఆడవాళ్లు ఎక్కిన బస్సు

అన్నిటికంటే పెద్ద మార్పు పెట్రోలు బంకులో రాలేదు, బస్‌స్టాండులో వచ్చింది. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం, డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలై, ఆడవాళ్లకు ప్రభుత్వ బస్సులో టికెట్ లేకుండా పోయింది. మోటారు సైకిలు కాలంలో ఇంట్లో ఉండిపోయిన మా అవ్వలు, చిన్నమ్మలు మళ్లీ కదిలారు. అయితే ఇక్కడా గీత ఉంది. శక్తి కర్ణాటక ఆడవాళ్లకు, మహాలక్ష్మి తెలంగాణ ఆడవాళ్లకు. బీదరు నుంచి హైదరాబాదుకు నేరుగా పోయే బస్సులో శక్తి టికెట్ చెల్లదు. అక్కడి కోడలికి ఇక్కడ టికెట్, ఇక్కడి బిడ్డకు అక్కడ టికెట్. తోడబుట్టినవాళ్లే అయినా ఆధార్ కార్డు మీది చిరునామా వాళ్లను వేరు చేస్తుంది.

ముందు ఏం వస్తుందో కూడా మా చుట్టుపక్కలే కనబడుతోంది. బీదరుకు కూతవేటు దూరంలో జహీరాబాదులో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారైన చోట ఈరోజు మహీంద్రా వాళ్ల బండ్ల తయారీ నడుస్తోంది, బ్యాటరీతో నడిచే మూడు చక్రాల ఆటోలు కూడా ఆ ఊరినుంచే వస్తున్నాయి. మా జిల్లా చెరుకు పంట జిల్లా. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా కలుపుతున్న ఇథనాలుకు చెరుకు ఒక ముఖ్యమైన ముడిసరుకు. చేలో పండిన చొప్పతో బండి నడిచిన ఇల్లు, చేలో పండిన చెరుకు కొంత కలిసిన పెట్రోలుతో బండి నడిపే కాలానికి వచ్చింది.

ఇదంతా రాసుకున్నాక మాకు తేలిన సంగతి ఒకటి. చమురు ధర మమ్మల్ని ఎప్పుడూ పూర్తిగా ఆపలేదు. ఎవరు పోవాలో మాత్రం అదే నిర్ణయించింది. ఖర్చు మనిషికి ఇంతని లెక్క పడ్డప్పుడల్లా ముందుగా ఆగిపోయింది ముసలివాళ్లు, పిల్లలు. తెలుగు చెప్పగలిగేది వాళ్లలో ఒకరు, నేర్చుకోవాల్సింది ఇంకొకరు. మా పిల్లలు బడిలో కన్నడం, బజారులో దక్కనీ మాట్లాడుతారు, తెలుగు ఇంట్లోనూ చుట్టాల దగ్గరా మాత్రమే. అందుకని ఈ ఏడు మేము ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నం. సంక్రాంతికో, ఎండాకాలం సెలవులకో ఒకసారి అందరం రైలులోనే పోవాలె, కారు తీస్తే సీటు ఖాళీగా పోవద్దు, ముందు అవ్వ ఎక్కాలె, తర్వాత పిల్లలు, మగవాళ్లు ఆఖరుకు. షోలాపూరులో, నాందేడులో, బళ్లారిలో ఉన్న తెలుగిండ్లలో ఈ లెక్క ఎట్లా ఉందో, ఏ బండి మీతో ఎవరిని తీసుకొచ్చిందో, ఎవరిని ఇంట్లో వదిలేసిందో మీ పెద్దలను అడిగి రాసి పెట్టుకోండి. వాళ్లు ఉన్నప్పుడే అడగాలె.