పిడికెడు గింజలు: డోర్నకల్ సంఘమున కానుకయు ఆత్మక్షేమమును

ధనమునకును ఆత్మక్షేమమునకును గల సంబంధమును గూర్చి క్రైస్తవ వాఙ్మయమున జరిగిన విచారము చాలవరకు ధనికుని ఉద్దేశించి సాగినదే. అలెగ్జాండ్రియా క్లెమెంటు ధనవంతునకు రక్షణ యెట్లు లభించునని ప్రత్యేకముగా ఒక గ్రంథమునే రచించెను. కైసరయ వాసియగు బాసిలు కరవుకాలమున ధాన్యమును కొట్లలో దాచినవారిని తీవ్రముగా మందలించెను. ఇంగ్లండున జాన్ వెస్లీ 1760లో ప్రకటించిన ధనవినియోగ ప్రసంగమున, ధర్మమార్గమున శక్తికొలది ఆర్జించుట, వృథావ్యయము లేక మిగుల్చుట, మిగిలినదానిని పరుల కిచ్చుట అను మూడు నియమములను విధించెను. మతనిష్ఠ వలన శ్రమశీలమును మితవ్యయమును, వానివలన సంపదయు, సంపదవలన అహంకారమును కలిగి, తుదకు ఆ మతనిష్ఠయే క్షీణించునని 1786లో ఆయనయే వాపోవుట, ఆ నియమములలో మూడవదానిని అనుచరు లెంతగా విస్మరించిరో తెలుపుచున్నది. ఈ మహనీయు లుద్దేశించినవారికి ధనము ముందే చేతనున్నది. దాని నేమి చేయవలెనన్నదే ప్రశ్న. కూలిగింజలు ఇంటికి చేరకమునుపే అప్పులవాని పాలగు కుటుంబమున కీ ప్రశ్న యేరూపమున ఎదురగును?

ఇందుకు డోర్నకల్ మండల చరిత్ర మంచి ఆధారము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన తొలి భారతీయుడగు వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి సీమవాడు. ఆయన తోడ్పాటుతో 1903లో అక్కడ వెలసిన ఇండియన్ మిషనరీ సొసైటీ, సువార్తపనికి భారతీయులగు మనుష్యులే, భారతీయుల ధనమే, భారతీయుల నిర్వాహమే ఉండవలెనని నిశ్చయించుకొని, అప్పటి నిజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును కార్యక్షేత్రముగా గైకొనెను. కావున తెలుగువారి ఈ సంఘము తమిళ క్రైస్తవులు కూడబెట్టి పంపిన చిల్లరడబ్బు ఆసరాతో మొలకెత్తినదని చెప్పుట అతిశయోక్తి కాదు. ఇందు చేరినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు: పాలేర్లు, కూలీలు, వెట్టిచాకిరికి కట్టుబడినవారు, నాగుకు గింజలు తెచ్చుకొని పంటనాటికి అసలుతోపాటు వడ్డీగింజలను కూడ కొలిచియిచ్చువారు.

ఇట్టివారిని కానుక అడుగవచ్చునా? అడిగితీరవలెనని అజరయ్య అభిప్రాయము. క్రైస్తవదానమును గూర్చి ఆయన వ్రాసినదియు, ఆయన మరణానంతరము ఇతరదేశములందును ప్రచారము నందినదియు నగు ఆంగ్లగ్రంథము ఈ విషయమును విపులముగా చర్చించుచున్నది. ఇచ్చుట ఆరాధనలో అంతర్భాగమే గాని సంఘఖర్చులకు చేయు వసూలు కాదనియు, బీదరికము దానినుండి విముక్తి నీయదనియు ఆయన వాదసారము. ఘోరదారిద్ర్యమున నుండియు యెరూషలేము బీదలకై ధారాళముగా ఇచ్చిన మాసిదోనియ సంఘములను పౌలు కొరింథీయులకు చూపిన ఘట్టము దీనికి బలము. ఆచరణలో ఇది కడు నిరాడంబరమైనది. ఇల్లాలు ఎసటిలో పోయబోవు బియ్యమునుండియో జొన్నలనుండియో ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. ఆదివారము దానిని గుడికి తెచ్చును. కోతపండుగనాడు ప్రథమఫలములు, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు బల్లమీదికి వచ్చును; ఆరాధన ముగిసిన పిమ్మట వానిని వేలము వేయుదురు. వేలము నాటి సందడి ప్రసంగమునకంటె ఎక్కువకాలము జ్ఞాపకముండునని పెద్దలు చమత్కరించుట కలదు.

ఈ పద్ధతియందు నాకు ప్రధానముగా తోచునది వసూలైన మొత్తము కాదు. దరిద్రుడు ధనమునకు దాసుడు కాడనుట భ్రమ. ధనికుని దురాశ కట్టివేసినట్లే దరిద్రుని రేపటిభయము కట్టివేయును. కొండమీది ప్రసంగమున సిరిని సేవించుటను ఖండించిన వెంటనే ఏమి తిందుమో, ఏమి ధరింతుమో అను చింతను గూర్చిన ఉపదేశము వచ్చుట కొక హేతువుండవలెను: ఆ రెండును ఒకే దాస్యపు రెండు ముఖములు. తరతరములుగా ఒకరి దయకై చేయిచాచుటకే అలవాటుపడినవారు తమ చేతితో తీసియిచ్చిన గింజలవలన, దాతలవరుసలో నిలిచిరి. పరదేశపు సొమ్ముతోనే నడచు సంఘమున కిట్టి గౌరవము దుర్లభము.

అయినను ఈ వాదమున కొక లోతైన చిక్కు కలదు. మార్కు సువార్త పండ్రెండవ అధ్యాయమున రెండు కాసులు వేసిన బీద విధవరాలిని మనము పదేపదే ఉదాహరింతుము గాని, దానికి ముందువాక్యములలోనే విధవల యిండ్లను దిగమ్రింగు శాస్త్రులను యేసు ఖండించుటను సాధారణముగా దాటిపోవుదుము. ఆమె భక్తి స్తుత్యమే. ఆమెకు మిగిలిన జీవనమంతయు పెట్టెలో పడనిచ్చిన దేవాలయవ్యవస్థ స్తుత్యమా? నేడు కానుకను విత్తనమని వర్ణించి, నూరంతలు ఫలితమును ఆశచూపి, అప్పుచేసియైన ఇమ్మని పురికొల్పు బోధకులు ఆ కాసులనే సాక్ష్యముగా చూపుచున్నారు. పిడికెడు గింజలకట్టి ప్రతిఫలము వాగ్దత్తము కాలేదు. దాని పరిమాణమును నిర్ణయించునదియు ఆనాటి కుండను, ఆ యింటి ఆకలిని ఎరిగిన ఇల్లాలి చేయియే. రెండింటికిని గల ఈ భేదము స్వల్పము కాదు.

ఇక మిగిలిన ప్రశ్న కఠినమైనది. నాగుకు తెచ్చిన గింజలనుండి తీసిన పిడికెడు ఎవరిది? ఇచ్చినవారి విశ్వాసమును మెచ్చుకొనుటతో దీనికి సమాధానము దొరకదు. అపొస్తలుల పాదములయొద్ద పెట్టిన సొమ్ము అక్కరగొలది పంచిపెట్టబడినదని కార్యములగ్రంథము చెప్పుచున్నది. అనుదిన పరిచర్యలో విధవలకు లోపము కలిగినదని సణుగు పుట్టగానే, ఆ లోపమును సవరించుటకు ఏడుగురిని నియమించిరి. పెట్టెలోనికి పోవు దారిని బోధించినంత శ్రద్ధగా పెట్టెనుండి ఋణగ్రస్తుని యింటికి వచ్చు దారిని మన ఉపదేశకులు బోధింపలేదని నా అభిప్రాయము.