వట్టివేళ్ళ తడిక

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను సామెతను రాయలసీమవారికిగాని తెలంగాణమువారికిగాని విడమరచి చెప్పనక్కఱలేదు. అచ్చటి వడగాలి పొడిగాలి. ఒంటిమీది చెమటను పుట్టినచోటనే హరించును. కోస్తా జిల్లాలలో ఎండ కొంత తక్కువగ నున్నను చెమట ఆఱదు, ఉక్క వీడదు. రెండును వేసవులే కాని, రెంటికిని ఒకే మందు పనిచేయదు. పొడి దేశములందు ఇల్లు చల్లబఱచుకొనుటకు మనుష్యుడు కనిపెట్టిన ఉపాయము ఆ వడగాలినే పనికి పెట్టుకొనుట. ఈ ఉపాయముయొక్క చరిత్రను, అందు తఱచుగా మఱుగుపడిపోవు ఒక మనుష్యుని సంగతిని ఇచ్చట చెప్పదలచితిమి.

నీరు ఆవిరి యగుటకు వేడి కావలెను. ఒక లీటరు నీరు ఆవిరి యగునప్పుడు సుమారు 580 కిలోకేలరీల వేడిని తన చుట్టుపట్లనుండి లాగుకొనును. కూజాలో నీరు చల్లబడుటకు కారణ మిదియే. గాలి యెంత పొడిగా నుండిన ఈ పని అంత చుఱుకుగా జరుగును. 42 డిగ్రీల వేడిమి, నూటికి 15 పాళ్ల తేమ గల గాలిని తడిసిన తెరగుండ పోనిచ్చినచో అది 22 డిగ్రీల దాపునకు దిగుటకు అవకాశమున్నది. మంచి సాధన మేదైనను 27 వఱకైన దింపగలదు. అదే 36 డిగ్రీల వేడిమి, 60 పాళ్ల తేమ గల సముద్రతీరపు గాలియైనచో ఏ సాధనమును దానిని 29 కి దిగువకు దింపజాలదు. అచ్చట ఇంటివారికి దక్కునది చల్లదనము కాదు, అదనపు జిడ్డు.

అక్బరు ఆస్థానమునందలి అబుల్ ఫజల్ తన ‘ఆయిన్-ఇ-అక్బరీ’లో, ఖస్ అను పరిమళపు వేరును వెదురు చట్రములకు కూర్చి ఇండ్లు కట్టు వాడుకను వ్యాపింపజేసినది పాదుషాయే యనియు, వానిపై నీరు చల్లినచో నడివేసవిలో శీతకాలము వచ్చుననియు వ్రాసెను. ఆస్థాన లేఖకులు రాజులకు కట్టబెట్టు కీర్తిని కొంత తగ్గించి చదువుకొనుట మేలు. ఆ వేరు మన వట్టివేరే, సంస్కృతమున ఉశీరము. తాపమునకు ఉశీరలేపనము కాళిదాసు శాకుంతలమునాటికే ఎఱిగిన సంగతి. వేరు క్రొత్తది కాదు. దానిని గోడగా నిలిపి గాలిని అందుగుండ నడిపించుటయే విశేషము.

1663లో ఢిల్లీనుండి వ్రాసిన లేఖలో ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే అచ్చటి ధనికుల ఖస్‌ఖానాలను వర్ణించెను. వానిని తోట నడుమ నిలుపుదురట. సేవకులు వెలుపలినుండి నీటితో తడుపుటకు వీలుగా నుండుటకే అట్లు చేయుదురట. ఈ కారణము మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. గది ఎచ్చట నుండవలెనో నిర్ణయించినది లోపల పండుకొన్న ప్రభువు సుఖమొక్కటే కాదు, వెలుపల నీరు చల్లువాని నడకయు. లోపలివాని పేరు చరిత్రలో నిలిచినది. ఎండలో నిలిచి తడిపినవాని పేరు ఎవరు వ్రాసిరి?

ఉత్తర హిందూస్థానమున కాపురమున్న ఆంగ్లేయులు ఈ వాడుకను యథాతథముగ స్వీకరించిరి. వేసవి గాలి పడమటినుండి వీచును గనుక బంగళాల పడమటి వాకిళ్లకు వట్టివేళ్ళ తట్టీలు బిగించిరి. మేకతోలు తిత్తి భుజమున వేసికొని భిస్తీ ప్రొద్దెక్కినది మొదలు ప్రొద్దు క్రుంకువఱకు వానిని తడుపుచుండెడివాడు. వాడు ఒక్క గడియ కునికినచో తడిక ఆఱిపోయి గది కొలిమియగును. గాలి నిలిచిపోయినచో ఎంత తడిపినను ఫలము లేదు. ఈ రెండవ చిక్కు తీర్చుటకే 1830 ప్రాంతమున ‘థర్మాంటిడోట్’ అను యంత్రము బయలుదేరినది. వేడికి విరుగుడు అని ఆ పేరునకు అర్థము. ధాన్యము తూర్పారబట్టు యంత్రమువంటి రెక్కలను పెద్ద కొయ్యపెట్టెలో అమర్చి, పెట్టె ప్రక్కలకు తడి తట్టీలు కట్టి, కిటికీకి ఆనించెడివారు. అలహాబాదులో కాపురమున్న ఫానీ పార్క్స్ 1850లో ప్రకటించిన గ్రంథమున దీనిని శ్రద్ధగా వర్ణించినది. రెక్కలు త్రిప్పుటకు కూలీలు కావలసివచ్చిరి. యజమాని గాలిమీద ఆధారపడుట మానెను. కూలిమీద ఆధారము రెట్టింపయ్యెను.

ఆ చేతులను తప్పించినది విద్యుచ్ఛక్తి. 1930 దశకమున అమెరికాలోని అరిజోనా ఎడారి పట్టణములైన ఫీనిక్సు, టూసాన్ లలో సామాన్య గృహస్థులు ఇంటిలోనే కూలర్లు చేసికొనజొచ్చిరి: కొయ్య చట్రము, ఇనుపవల నడుమ ఆస్పెన్ కఱ్ఱ పీచు, పైనుండి జాఱు నీరు, లోపల ఒక విద్యుత్ పంకా. పాదుషా ఖస్‌ఖానాయు, బంగళావారి కొయ్యపెట్టెయు ఇందు కలిసిపోయినవని చూచినవారెవ్వరైన గుర్తింతురు. తరువాతి కాలమున మన దేశపు పొడి ప్రాంతములలో ఇంటింట వెలసిన రేకు కూలరు ఈ వంశమునకు చెందినదే. కారియర్ 1902లో బ్రూక్లిన్ నగరపు ముద్రణాలయముకొఱకు రూపొందించిన ఏ.సి. యంత్రము వేఱొక శాఖ. అది నీటిని త్రాగదు, ఉక్కను తీయగలదు. కాని కరెంటును విశేషముగ మ్రింగి, లోపలి వేడిని వీధిలోనికి గ్రుమ్మరించును.

భిస్తీ పోయెనుగాని వాని పని పోలేదు, ఇంటివారికి సంక్రమించినది. నీరు ఆవిరియై పోవునుగాని అందలి ఉప్పులు పోవు. బోరు నీటి సున్నము గడ్డికి పట్టి బిగిసి, గాలి దూఱు సందులను పూడ్చును. గడ్డిని ఏటేట మార్చవలెను. తేనెపట్టువంటి అట్టపలకలు అమర్చుకొన్నవారికి అవి కొన్నేండ్లు వచ్చును, కాని తొట్టిలో ఉప్పుపట్టిన నీటిని అప్పుడప్పుడు వదలి క్రొత్తనీరు నింపుట వారికిని తప్పదు. వారమున కొకమాఱు తొట్టిని వట్టిదిగా చేసి, తోమి, ఆఱబెట్టనిచో డెంగీ దోమకు అది పురిటిగది యగును. పండుకొనుటకు ముందు పంపు ఆపి పంకామాత్రము కొంతసేపు నడిపినచో గడ్డి ఆఱి కంపు కొట్టదు. ఎదుటి కిటికీ తెఱచియుంచుట అన్నిటికంటె ముఖ్యము. తడిగాలి వెలుపలికి పోనిచో పొడి దేశమున గూడ గది కోస్తా యగును. తలుపులన్నియు బిగించి కూలరును నిందించువారిని మేమెందఱినో చూచితిమి.

నీటి సంగతి చెప్పక విడువరాదు. గంటకు పది లీటర్లు ఆవిరి చేయు కూలరు ఎనిమిది గంటల రాత్రికి ఎనుబది లీటర్లు త్రాగును. పొడిగాలి ఉన్నచోటనే కూలరు పనిచేయును. పొడిగాలి ఉన్నచోటనే వేసవిలో బావులు అడుగంటును. టాంకరుకొఱకు బిందెలు వరుస పెట్టు వీధులలో ఆ ఎనుబది లీటర్లు ఎవరో మోసితేవలసినవే. తొట్టిలో నీరెంత తగ్గెనో చూచుటకు నడిరేయి లేచి, చీకటిలో బిందె తడవుకొనువారు సాధారణముగ ఆ ఇంటి ఇల్లాలే.