వెన్ను నీరు పరీక్ష: మెదడు రసాయనాల లోపాన్ని ఎలా పట్టుకుంటారు?

కొన్ని ఇళ్లలో పసిబిడ్డకు నెలలు గడిచినా మెడ నిలబడదు. ఏడాది దాటినా కూర్చోదు. ఉన్నట్టుండి కనుగుడ్లు పైకి తిరిగిపోయి, ఒళ్లు వంకర్లు పోతుంది. ఒక్కోసారి గంటల తరబడి అలాగే ఉంటుంది. పెద్దవాళ్లు నజర్ తగిలిందంటారు. మూర్ఛ అనుకుని మందులు వాడినా తగ్గదు. ఎంఆర్‌ఐ తీస్తే పెద్దగా తేడా కనపడదు. ఇలాంటి పిల్లల్లో కొందరికి లోపం మెదడు ఆకారంలో కాదు, అందులో తయారయ్యే రసాయనాల్లో ఉంటుంది. ఇది అరుదైన జబ్బే. కానీ వీటిలో కొన్నింటికి మందు ఉంది. అందుకే త్వరగా గుర్తించడం ముఖ్యం.

ఏమిటీ రసాయనాలు?

ఒక నరాల కణం పక్క కణానికి కబురు పంపే రసాయనాలను న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. డోపమైన్ కదలికలకు, సెరటోనిన్ నిద్రకు, మనసు కుదురుకు అవసరం. పార్కిన్సన్స్ రోగుల మెదడులో డోపమైన్ బాగా తగ్గిపోతుందని 1960లో వియన్నా శాస్త్రవేత్తలు ఎరింగర్, హార్నికీవిచ్ చూపారు. వాళ్లు పరీక్షించింది చనిపోయినవారి మెదళ్లను. బతికున్న బిడ్డలో అలా చూడలేం కదా! అందుకే మెదడును, వెన్నుపామును చుట్టి ఉండే నీటిని పరీక్షిస్తారు.

పొయ్యిలో బూడిదను బట్టి ఎంత కట్టె కాలిందో చెప్పొచ్చు. ఇదీ అంతే. డోపమైన్ పని అయిపోయాక హెచ్‌విఏ అనే పదార్థంగా, సెరటోనిన్ 5-హెచ్‌ఐఏఏ అనే పదార్థంగా మారతాయి. వెన్ను నీటిలో ఇవి ఎంతున్నాయో కొలుస్తారు. రెండూ తగ్గి, 3-ఓ-మిథైల్‌డోపా పెరిగితే ఏఏడీసీ అనే ఎంజైమ్ లోపాన్ని అనుమానిస్తారు. హెచ్‌విఏ ఒక్కటే తగ్గితే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ లోపం కావచ్చు. అదే నీటిలో గ్లూకోజ్, ఫోలేట్ కూడా చూస్తే మరికొన్ని జబ్బులు బయటపడతాయి.

వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయా?

చాలా కుటుంబాలు ఈ భయంతోనే పరీక్ష వద్దంటాయి. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది వేసేది దానికంటే కింద, నీరు ఉండే చోట. జర్మన్ డాక్టర్ క్వింకే 1891లో ఈ పద్ధతిని పరిచయం చేశారు. మెదడువాపు, మెదడు టీబీ అనుమానం వచ్చినప్పుడు చేసేది కూడా ఇదే. తలనొప్పి, నడుంనొప్పి కొన్నాళ్లు ఉండొచ్చు. తలలో ఒత్తిడి పెరిగినవారికి ప్రమాదం కాబట్టి డాక్టర్లు ముందే చూసుకుంటారు. తీసిన నీరు శరీరంలో మళ్లీ ఊరుతుంది. పెద్దవారిలో రోజుకు దాదాపు అర లీటరు తయారవుతుంది.

నమూనా చెడిపోతే ఫలితం తప్పు

నీరు తీయడం కంటే దాన్ని కాపాడటమే కష్టం. మొదటి చుక్కల్లో, తర్వాతి చుక్కల్లో ఈ పదార్థాల మోతాదు ఒకేలా ఉండదు. అందుకే నంబర్లు వేసిన గొట్టాల్లో వరుసగా పడతారు. రక్తం కలిస్తే లెక్క తప్పుతుంది. వెంటనే గడ్డకట్టించి, మైనస్ 80 డిగ్రీల్లో దాచి, డ్రై ఐస్‌లో పంపాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప నుంచి మామూలు ఐస్ డబ్బాలో పంపితే కుదరదు. ఈ పరీక్ష చేసే ల్యాబులు దేశంలో చాలా తక్కువ. కాబట్టి నమూనా ఎక్కడికి, ఎలా వెళ్తుందో ముందే మాట్లాడుకోవాలి. ఇప్పుడు చాలాచోట్ల ముందు రక్తంతో జన్యు పరీక్ష చేస్తున్నారు. దానికి ఇంత ఇబ్బంది ఉండదు.

తప్పు కోడలిది కాదు

ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు చేరితేనే వస్తాయి. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. రాయలసీమలో దగ్గరి సంబంధాలు అన్ని మతాల్లో ఉన్నాయి. మేనరికాలైనా, చాచా, ఫూఫీ, మామూ, ఖాలా పిల్లల మధ్య నిఖా అయినా లెక్క ఒకటే. దగ్గరి సంబంధాల్లోనూ ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. బిడ్డకు జబ్బు వచ్చిందని బహూను నిందించడం అన్యాయం.

చికిత్స ఉందా?

1970లలో జపాన్ డాక్టర్ సెగావా వివరించిన జబ్బులో పిల్లలు పొద్దున బాగా నడుస్తారు, సాయంత్రానికి కాలు వంకరపోతుంది. కొద్ది మోతాదు లెవోడోపాతో చాలామంది మామూలుగా తిరుగుతారు. ఏఏడీసీ లోపానికి జన్యు చికిత్సను యూరప్ 2022లో, అమెరికా 2024లో ఆమోదించాయి. అది చాలా ఖరీదు. గ్లూకోజ్ మెదడుకు చేరని జబ్బులో కీటోజెనిక్ ఆహారం పనిచేస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో పిల్లల డాక్టర్‌కు చూపించాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. నరాల జబ్బులకు బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది.

వెళ్లేటప్పుడు బిడ్డ కళ్లు తిరిగినప్పటి వీడియో ఫోన్‌లో తీసుకెళ్లాలి. ఏ వేళ ఎక్కువవుతుందో, నిద్రపోతే తగ్గుతుందో చెప్పాలి. పాత చీటీలు, రిపోర్టులన్నీ వెంట ఉంచుకోవాలి. ఇంతకుముందు పిల్లలు పోయి ఉంటే, భార్యాభర్తలు చుట్టాలైతే దాచొద్దు. నడుస్తున్న మందులను సొంతంగా ఆపొద్దు. ఆ మాటల్లోనే డాక్టర్‌కు సగం దారి దొరుకుతుంది.