విశ్వాసం – అధికారం

పల్నాటి సీమలో దుర్గి గ్రామం శిల్పులకు ప్రసిద్ధి. చరిత్ర పఠించే వారికి ఆ గ్రామం మరొక కారణం చేత కూడ ఆదరణీయమైనది. అక్కడ 1269వ సంవత్సరపు శాసన మొకటి ఉన్నది. కాయస్థ జన్నిగదేవుని కాలపు ఆ శాసనంలో రుద్రమదేవికి ‘పట్టోధృతి’ అనే విశేషణం కనిపిస్తుంది. పట్టానికి ఎంపికయ్యీ ఆమె అప్పటికి అభిషిక్తురాలు కాలేదని చరిత్రకారులు దీనికి అర్థం చెప్పినారు. మనం మాత్రం ఇప్పుడు రాణిని గాక ఆ సామంతుని వంశాన్ని గురించి విచారింతము.

కాయస్థులు కాకతీయ రాజ్యంలో పైకి వచ్చినది కొలువు మార్గాననే. గణపతిదేవుని (1199–1262) సేవలో గంగయ సాహిణి ఉండేవాడు. సాహిణి అనగా అశ్వదళాధికారి. ఆ సేవ ఫలితంగా ఆయన బాహత్తర నియోగాధిపతి, అనగా 72 నియోగాలపై అధికారి అయినాడు. పానుగల్లు మొదలు కైవారం వరకు గల సీమ ఆ వంశం ఏలుబడిలోనికి వచ్చినది. పెక్కు శాసనాలలో తామే చతుర్థ కులజులుగా చెప్పబడిన కాకతీయులు, సమర్థుడైన సేవకుని గుర్తించుటలో వెనుదీయలేదు.

అయితే ఆ వంశంలోనే జన్నిగదేవుని అనంతరం వచ్చిన అంబదేవుడు కాకతీయులపై తిరుగుబాటు చేసినాడు. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ మరణాన్ని తెలుపుతున్నది. ఆ మరణానికి అంబదేవునితో జరిగిన యుద్ధమే కారణమని పలువురు పండితుల అభిప్రాయం. సేవ వలన లభించిన అధికారం, ఆ అధికారమిచ్చిన వారిమీదికే తిరిగినది.

ఏడు శతాబ్దాల తరువాత ఇదే సమస్య కంప్యూటర్ల లోకంలో తల యెత్తినది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి లైనక్స్ అనే సాఫ్ట్‌వేరును, దాని మూలరచనతో సహా, లోకానికి వెల్లడి చేసినాడు. అటువంటి రచనలను ఎవరైనను చదవవచ్చును, సవరణ పంపవచ్చును. ఆ సవరణను రచనలో చేర్చే అధికారం మాత్రం కొందరిదే. కొత్తవాడు చిన్న దోషాన్ని సరిదిద్ది పంపుతాడు, పాతవారు పరీక్షిస్తారు, నెలల తరబడి పని చక్కగా సాగిన యెడల ఒక భాగం అతనికి అప్పగిస్తారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోను రచన అందరిది. నిర్వాహకులను ఎన్నుకొనేది తోటి రచయితలు.

ఇక్కడను ఒక అంబదేవుడు పుట్టినాడు. ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న సాఫ్ట్‌వేరును ఏండ్ల తరబడి ఒక్కరే, జీతం లేకుండ, పోషిస్తూ వచ్చినారు. జియా టాన్ అనే పేరుగల వ్యక్తి సుమారు రెండేండ్లు ఓపికగా సాయం చేసి నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగదారి నొకటి అమర్చినాడు. తన యంత్రంలో ప్రవేశానికి అర సెకను ఆలస్యం జరుగుతున్నదని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆ గుట్టు మార్చి 29న బయటపెట్టినాడు.

సేవను చూచి అధికారమిచ్చుట మంచి పద్ధతియే. జన్మను చూచి ఇచ్చుటకన్న మేలైనది. కాని అధికారమిచ్చిన పిదప కూడ పనిని పరీక్షించే కళ్లు ఉండవలెను. ఎక్స్‌జెడ్ విషయంలో ఆ కన్ను అదృష్టవశాన దొరికినది. పదిమందికి పనికివచ్చే భారాన్ని ఒంటరిగా మోసే మనిషికి ముందుగానే తోడు నిలుచుట, అదృష్టం మీద ఆధారపడుట కన్న క్షేమకరం.