మహాయుద్ధనౌకల జమాఖర్చు

సముద్రము నెన్నడును జూడని సిరిసిల్ల నేతగానికిని, జగిత్యాల కోరుట్ల ప్రాంతముల రైతునకును యుద్ధనౌకతో నేమి సంబంధమని చదువరులు ప్రశ్నింపవచ్చును. మానేటి నీరు మంథని సీమలో గోదావరిని గలిసి కడలికి బోవుచున్నదనుట తప్ప, పైకి జూచుటకు ఆ ప్రాంతమునకును సముద్రమునకును పొత్తు గానరాదు. అయినను గడచిన నూఱేండ్ల చరిత్రను పరికించినచో, ప్రపంచమున దిరుగాడిన గొప్ప యుద్ధనౌకల ఖర్చులో తెలుగువారి చెమటయు జేరియున్నదనియు, ఆ నౌకలవలన గలిగిన రక్షణములో మాత్రము వారికి దక్కిన భాగము మిక్కిలి స్వల్పమనియు తేటపడును. మహాయుద్ధనౌకలను మరల నిర్మింపవలెనను మాట అమెరికాలో వినవచ్చుచున్న ఈ దినములలో ఆ పాత లెక్కను ఒకసారి తిరుగవేసికొనుట అనుచితము గాదు.

యుద్ధమునకు బోవు ప్రతి ఓడయు మహాయుద్ధనౌక గాదు. ఒడలినిండ దళసరి ఉక్కుకవచమును దాల్చి, మిక్కిలి పెద్ద ఫిరంగులను మోయుచు, తనవంటి మఱియొక నౌకతో దెబ్బకు దెబ్బ తీయుటకై కట్టబడిన తేలియాడు కోటకే ఆ పేరు చెల్లును. ఇట్టివానిలో ఆధునికయుగమునకు ఆదిపురుషుడు బ్రిటనువారు 1906లో పూర్తిచేసిన డ్రెడ్నాట్. అది 12 అంగుళముల ఫిరంగులు పదింటిని మోసెను. ఆవిరిటర్బైనులతో గంటకు 21 నాటికల్ మైళ్లు నడిచెను. దాని వెల సుమారు 17 లక్షల 83 వేల పౌనులు. ఆ యొక్క ఓడ నీట దిగినతోడనే లోకమునందలి తక్కిన పెద్దనౌకలన్నియు పాతబడిపోయెను. చిత్రమేమనగా, అట్లు పాతబడినవానిలో బ్రిటనువారి సొంతనౌకలే అందఱికంటె ఎక్కువ. వెంటనే జర్మనీ పోటీకి దిగెను. ఒకరు పదింటిని గట్టిన రెండవవారు పదునైదింటిని గట్టవలెను. ఒకరు 12 అంగుళముల ఫిరంగి నెత్తిన రెండవవారు 15 అంగుళముల ఫిరంగి నెత్తవలెను. పొరుగింటివాని మేడను జూచి అప్పుచేసి మేడ గట్టు గృహస్థుని సంసారము ఎట్టిదో ఈ రాజ్యముల సంసారమును అట్టిదే యయ్యెను.

ఈ పోటీ ఖర్చు బ్రిటను ప్రజలపైననే పడలేదు. 1912లో మలయా సంయుక్త రాష్ట్రముల శాసనమండలిలో పేరా సుల్తాను ఒక తీర్మానమును బ్రతిపాదించెను: చక్రవర్తికి ఒక మహాయుద్ధనౌకను కానుకగా సమర్పింపవలెనని. ఎదురుమాట లేకయే తీర్మానము నెగ్గెను. ఆ నౌకయే 1915లో నీట దిగిన 'మలయా'. దానికైన వ్యయము 29,45,709 పౌనులు. పౌనునకు 15 రూపాయల చొప్పున నాటి మన నాణెములో 4 కోట్ల 41 లక్షలకు పైబడిన మొత్తము.

ఆ ధన మెచ్చటినుండి వచ్చినది? ఆ రాష్ట్రముల ఆదాయమునకు తగరము, రబ్బరు ఎగుమతులపై సుంకములును, నల్లమందు మొదలగువాని అమ్మకముపై రాబడియు ముఖ్యములు. రబ్బరుతోటలలో పాలు గీసినవారిలో తమిళులు అధికసంఖ్యాకులు. వారివెంట విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి ఓడలెక్కి పోయిన తెలుగువారును వేలకొలది గలరు. అటుతరువాత 1927లో ముఖ్యమైన తోటలయందు పురుషునకు దినమునకు 50 సెంట్లును, స్త్రీకి 40 సెంట్లును కూలిగా నిర్ణయింపబడెను. మలయా డాలరు 2 షిల్లింగుల 4 పెన్నీలు గనుక పురుషుని దినకూలి 14 పెన్నీలు. ఈ కూలితో నౌక వెలను భాగించి చూతము. సుమారు 5 కోట్ల దినముల కూలి యగుచున్నది. ఏడాదికి 300 పనిదినములు వేసికొన్నచో 1 లక్షా 68 వేలమంది మగవారి ఏడాది కష్టము ఒక్క ఓడలో మునిగినదన్నమాట. తోటలో బడి లేక, మంచి వైద్యము లేక, కల్లుదుకాణము మాత్రము దగ్గఱనే యున్న కూలీల కుటుంబములను దలచికొని ఈ యంకెను చదువవలెను. శాసనమండలిలో వారి పక్షమున ఒక్కడును కూర్చుండి యుండలేదు.

ఇంత వెచ్చించి కొన్న నౌక ఏమి చేసినది? 1916 మే 31వ తేదీన జట్లాండు యుద్ధమున ఎనిమిది గుండ్ల దెబ్బలు తిని, అఱువదిమందికి పైగా నావికులను గోలుపోయెను. 1922లో పదవీచ్యుతుడైన తుర్కీ సుల్తానును ఇస్తాంబులునుండి మాల్టాకు జేర్చెను. 1941 మార్చిలో అట్లాంటిక్ సముద్రమున జర్మను జలాంతర్గామి విడిచిన టార్పెడో తగిలి మరమ్మతుకై న్యూయార్కు పోయెను. 1941 డిసెంబరులో జపానుసేనలు మలయాదేశముపై బడినప్పుడు 'మలయా' అను పేరుగల నౌక ఆ దేశపు సముద్రములోనే లేదు.

దానికి బదులుగా అచ్చటికి వచ్చినవి 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' అను క్రొత్త మహాయుద్ధనౌకయు, 'రిపల్స్' అను వేగనౌకయును. 1941 డిసెంబరు 10వ తేదీన కువాంటాన్ యెదుట జపాను విమానములు ఆ రెంటిని కొన్ని గంటలలో ముంచివైచినవి. 840 మంది నావికులు మడిసిరి. సింగపూరు 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయెను. నౌకకు ధనము సమకూర్చిన తోటలనుండి తమిళ కూలీలను, వారితోపాటు తెలుగువారిని జపానువారు సయాము–బర్మా రైలుమార్గపు పనికి దోలుకొనిపోయిరి. ఆ యడవులలో విషజ్వరములచే, ఆకలిచే చచ్చినవారి లెక్క వేలలో నున్నది. నౌక మాత్రము 1948లో పాతయినుముగా అమ్ముడుపోయెను. జమాఖర్చు పుస్తకములో ఈ రెండు పంక్తులును ప్రక్కప్రక్కన వ్రాయవలసియున్నవి.

మన తీరమునకును ఆ దినములలో ఇట్టి యనుభవమే గలిగెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వైచినవి. అప్పుడు హిందూమహాసముద్రమున బ్రిటనుకు ఐదు మహాయుద్ధనౌకలు లేకపోలేదు. కాని విమానముల కెదురుగ నిలువజాలనివని యెఱిగి, వానిలో నెమ్మదిగ నడచు నాల్గింటిని సేనాపతి ఆఫ్రికా తీరమునకు మరలించెను. కోటయే కావలికి భయపడి పరుగిడినప్పుడు ఊరివారు దేనిని నమ్మవలెను? మూడేండ్లకు, 1945 ఏప్రిల్ 7న, లోకమున నంతకంటె పెద్దది లేదనిపించుకొన్న జపానువారి 'యమాటో' సైతము అమెరికా విమానములచే మునిగినది. 18 అంగుళముల ఫిరంగులు, సుమారు 3 వేలమంది నావికులు దానితో సముద్రగర్భము జేరిరి. అమెరికావారికి బోయినవి పది విమానములు.

ఇక నిజాము రాజ్యపు కథ. 'నిజాం' అను పేరుగల యుద్ధనౌక యొకటి యుండెనని నేటివారిలో ననేకులెఱుగరు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో కట్టబడి, 1940 జూలైలో స్కాట్లండునందలి క్లైడ్‌బాంకున నీట దిగిన ఆ నౌకను ఆస్ట్రేలియా నావికులు నడిపిరి. అది మహాయుద్ధనౌక గాదు. డిస్ట్రాయరనబడు చిన్న వేగనౌక. న్యాయము చెప్పవలెనన్న, అది పెద్దనౌకలకంటె ఎక్కువ పనియే చేసినది. క్రీటు దీవినుండి ఓడిన సేనలను దాటించెను. ముట్టడిలో నున్న టోబ్రుక్‌కు సామగ్రిని జేర్చెను. 1945లో ఆస్ట్రేలియా తీరమున నొక మహాతరంగము దానిపై విఱుచుకొనిపడి పదిమంది నావికులను దీసికొనిపోయెను. జపాను లొంగిపోయిన దినమున టోక్యో అఖాతములో నిలిచెను. నావికుల ధైర్యమును తక్కువ చేయుట మన యుద్దేశము గాదు.

కాని అడుగవలసిన ప్రశ్న వేఱొకటి గలదు. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను నిజామాంధ్ర మహాసభ జరిగెను. ఆ సభ నడపినవారు యేండ్లతరబడి కోరుచుండినవేమి? మాతృభాషలో విద్య, వెట్టిచాకిరి తొలగింపు, పాఠశాలలు, గ్రంథాలయములు. వీనికి సర్కారునొద్ద ధనము లేదనుమాట తఱచుగ వినబడుచుండెను. ఐదేండ్లకే పరాయి సముద్రమునందలి ఓడకు ధనము దొరకెను. అది రాజ్యపు బొక్కసమునుండి పోయినను, ప్రభువు సొంత బొక్కసమునుండి పోయినను భేదము స్వల్పము. సర్ఫేఖాసు గ్రామముల శిస్తును గట్టినవాడును రైతే. ఆయవ్యయములను విచారించి వలదనుట కధికారముగల, ప్రజలెన్నుకొన్న శాసనసభ ఆ రాజ్యమున నాడు లేదు. మలయాలోను అంతే, హైదరాబాదులోను అంతే: ఇచ్చినవారు వేఱు, ఇచ్చితిమని కీర్తిగన్నవారు వేఱు.

స్వాతంత్ర్యానంతరము ఈ ప్రాంతపు ప్రజలకు సముద్రముతో క్రొత్త సంబంధ మేర్పడినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రామములనుండి వేలమంది గల్ఫు దేశములకు కూలికి బోవుచున్నారు. 1990 ఆగస్టులో ఇరాకు కువైట్‌ను ఆక్రమించినప్పుడు అచ్చట జిక్కిన భారతీయులలో తెలుగువా రనేకులు. వారిని ఇండ్లకు జేర్చినదేమి? మన ప్రభుత్వము నడిపిన సామాన్యపు ప్రయాణికుల విమానములు. 1 లక్షా 70 వేలమందికి పైగా వానిలో తిరిగివచ్చిరి. 2015లో యెమెన్ దేశమున యుద్ధము చెలరేగినప్పుడు ఏడెన్ రేవునుండి సుమారు 350 మందిని మొదట దాటించినది మన నౌకాదళమునందలి 'సుమిత్ర' యను గస్తీనౌక. అది రెండువేల టన్నులకు కొంచెము పైబడిన చిన్న ఓడ.

మహాయుద్ధనౌకలు కడపటిసారి పోరాడినదియు ఆ గల్ఫునందే. 1991లో అమెరికా తన పాతనౌకలైన 'మిస్సోరీ', 'విస్కాన్సిన్'లను అచ్చటికి బంపెను. అవి వేయికి పైగా గుండ్లను గాల్చినవి. కాని ఇరాకువారు 'మిస్సోరీ' వైపునకు క్షిపణిని విడిచినప్పుడు దానిని నడుమనే కూల్చినది బ్రిటనువారి 'గ్లాస్టర్' అను చిన్న డిస్ట్రాయరు. కోటను గాపాడుటకు వాకిటిబంటు కావలసివచ్చెను. మఱుసటి యేడే 'మిస్సోరీ' సేవనుండి విరమించి, మఱికొన్నేండ్లకు ప్రదర్శనశాల యయ్యెను. దాని జాతినౌకలు నాలుగును నేడు చూపఱుల వినోదమునకే యున్నవి.

ఇట్టి నౌకను నేడు గట్టుట సాధ్యమా? లోహవిద్యకు సాధ్యము కానిది లేకపోవచ్చును. కాని అడుగుమందమునకు మించిన కవచపుటుక్కును పోతపోసి సాగగొట్టిన కర్మాగారములు మూతపడి చాలకాలమైనది. పెద్ద ఫిరంగుల గొట్టములను దొలుచు యంత్రములును, ఆ పనిలో చేయి తిరిగినవారును అట్లే పోయిరి. నేత మాని రెండు తరములు గడచిన యింట మగ్గమును దించినంతమాత్రమున చీర రాదని సిరిసిల్లవారికి జెప్పనక్కఱలేదు. పాతనౌకలను నడుపుటయు ప్రమాదమే: 1989లో 'అయోవా' ఫిరంగిగదిలో మందు పేలి 47 మంది నావికులు మరణించిరి.

వెల విషయము వినుడు. మనదేశము కొచ్చిలో గట్టి 2022లో సేవలో బ్రవేశపెట్టిన విమానవాహకనౌక 'విక్రాంత్' సుమారు 45 వేల టన్నులది. దానికైనది 20 వేల కోట్ల రూపాయలు, విమానముల వెల వేఱు. అంత బరువుగల కవచనౌకయు అంతకు దక్కువలో రాజాలదు. ఆ సొమ్ముతో, 2021లో సేవలో జేరిన 'విశాఖపట్నం' వంటి డిస్ట్రాయర్లు రెండు వచ్చును. ఆ జాతికి జెందిన నాలుగింటికి గలిపి సుమారు 35 వేల కోట్లైనది. పిమ్మట నావికుల జీతము, ఇంధనము, మరమ్మతు, తోడునౌకలు. ఏనుగును గొనుట యొకనాటి పని, మేపుట ప్రతిదినపు పని.

ఇంత జేసి నిలిపిన ఉక్కుకోట నెదిరించునది దానివంటి కోట గాదు. 2022 ఏప్రిల్‌లో రష్యావారి 'మాస్క్వా' నౌక తీరమునుండి ఉక్రెయిను విడిచిన క్షిపణుల దెబ్బకు మునిగెను. ఉక్రెయినుకు అప్పుడు చెప్పుకొనదగిన పెద్దనౌక యొక్కటియు లేదు. క్షిపణులు మన హైదరాబాదులోను, టార్పెడోలు మన విశాఖపట్టణములోను తయారగుచున్నవి. సముద్రము లేని తెలంగాణమునందలి యొక కర్మాగారము సముద్రముపై నౌకలగతిని నిర్ణయింపగల కాలమిది.

బలము లేనివాని మాట నెవ్వరు విందురని కొంద ఱాక్షేపింతురు. నిజమే; దేశమునకు నౌకాదళము వలసినదే. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ రేవు వాకిటివఱకు వచ్చి అచ్చటనే మునిగిన సంగతిని తెలుగువారు మఱవరాదు. పెద్ద ఫిరంగులు 1944లో నార్మండీ తీరమున సేనలు దిగుటకు తోడ్పడినమాటయు సత్యమే. మన వాదము బలమునకు విరుద్ధము గాదు. బలమునకును, బలముయొక్క వేషమునకును గల భేదమును గుర్తింపుమనుటయే. చూచువారి కన్నులు చెదరునట్లు కట్టబడినది యెల్ల రక్షింపజాలదు. రక్షించునది తఱచుగా చిన్నదై, పెక్కై, పేరులేనిదై యుండును.

ఇంటి ఖర్చు వ్రాసికొను గృహిణి మూడు ప్రశ్నలు వేయును: ఎంత యైనది, ఎవరి కష్టమునుండి వచ్చినది, ఎవరికి పనికివచ్చినది? 1912లో మలయా కూలీకిని, 1940లో సిరిసిల్ల నేతగానికిని ఆ ప్రశ్నలు వేయు హక్కు లేకుండెను. మనకు నేడు ఆ హక్కు గలదు. ఓటు గలదు, శాసనసభ గలదు, ఆయవ్యయపట్టిక బహిరంగముగ ప్రకటింపబడుచున్నది. జమాఖర్చు నడుగుట దేశద్రోహము గాదు. అడుగకుండుటయే కూలివాని చెమటకు ద్రోహము. కావున ఏ ప్రభుత్వమైనను, ఏ దేశమందైనను, గొప్ప పేరుపెట్టి గొప్ప ఓడను గట్టెదమని ప్రకటించినప్పుడు విజ్ఞులైన చదువరులు ముందుగ ఆ మూడు ప్రశ్నలను వేయుదురుగాక.