నారాయణఖేడ్ ప్రాంతంలో నిరాధార వృద్ధుల ఆశ్రయం, మానసిక ఆరోగ్య సేవలు: చరిత్ర

తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా వాయవ్య కొసన, కర్ణాటక, మహారాష్ట్రలకు దగ్గరగా ఉన్న పట్టణం నారాయణఖేడ్. ముసలితనంలో దిక్కులేనివాళ్లకు ఇక్కడ నీడ ఎవరిచ్చారన్నది ఒక చరిత్ర, మనసు చెదిరినవాళ్లను ఎవరు చూశారన్నది మరో చరిత్ర. నీడ సంగతి మొదట మఠాలు, దర్గాలు, తర్వాత సంక్షేమ శాఖ చూశాయి. మనసు సంగతి మొదట దూరపు పిచ్చాసుపత్రికి, తర్వాత ఆరోగ్య శాఖకు పోయింది. రెండూ కావలసిన ముసలి మనిషికి మాత్రం ఇల్లే దిక్కు. చెరుకు కోత కాలంలో ఆ ఇంట్లో వయసువాళ్లెవరూ ఉండని తండాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి.

బీదర్ జిల్లాలో ఉన్నప్పుడు

నిజాం పాలనలో నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో ఒక తాలూకా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్‌లో పెద్ద భాగం మైసూరు రాష్ట్రానికి పోయింది. నారాయణఖేడ్, జహీరాబాద్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో చేరాయి. ఇక్కడ తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల్లో లంబాడీ ఈనాటికీ వినిపించడానికి ఆ పాత సరిహద్దులే కారణం.

ఆశ్రయం ఇచ్చే పద్ధతులు కూడా ఆ వైపు నుంచి వచ్చినవే. 12వ శతాబ్దంలో బసవకల్యాణ్‌లో బసవేశ్వరుడు నిలబెట్టిన దాసోహం అనే అన్నదాన పద్ధతి వీరశైవ మఠాల్లో కొనసాగింది. బీదర్ గురుద్వారాలో లంగరు అనే ఉచిత భోజనం, దర్గాల దగ్గర ఉర్సు రోజుల భోజనాలు ఉండేవి. వచ్చినవాళ్లను కులం, ఊరు అడగకుండా కూర్చోబెట్టి పెట్టడం వీటి గొప్పతనం. అయితే ఇవన్నీ ఆ పూట ఆకలి తీర్చేవి. మంచం పట్టిన మనిషిని నెలల తరబడి చూసుకునే ఏర్పాటు వీటిలో లేదు. ఆ పని కుటుంబానిదే అని అందరూ అనుకునేవారు.

కుటుంబంలో దానికి ఉన్న పద్ధతి పేరు వంతు. అన్నదమ్ములు పొలం పంచుకున్న రోజునే తల్లిదండ్రులనూ పంచుకుంటారు. పెద్దకొడుకు దగ్గర ఒక నెల, చిన్నకొడుకు దగ్గర ఒక నెల, ఒక్కోసారి తల్లి ఒకరికి, తండ్రి ఒకరికి. జొన్నరొట్టె వేళకు అందుతుంది. కానీ నెల మారిన ప్రతిసారీ అవ్వ తన రేకుపెట్టె, దుప్పటి, మందుల సంచి మోసుకుని వీధి దాటాలి. ఆ పెట్టె శాశ్వతంగా పెట్టుకునే మూల ఆమెకు ఏ ఇంట్లోనూ ఉండదు. ముసలివాళ్ల దిగులు గురించి మాట్లాడేవాళ్లు ఈ పెట్టె దగ్గరే మొదలుపెట్టాలని ఈ వ్యాసకర్త నమ్మకం. తిండి లోటు కనిపిస్తుంది, లెక్కకు వస్తుంది. చోటు లోటు ఏ లెక్కలోకీ రాదు.

మనసు సంగతికి వస్తే, ముసలితనపు మతిమరుపును వయసు కిందా, అరుపులనూ అనుమానాలనూ గాలి కిందా జమకట్టేవారు. ఉమ్మడి మెదక్ జిల్లాలో బాణామతి అనే చేతబడి భయం బలంగా ఉండేది. ఒంటరిగా ఉంటూ తనలో తాను మాట్లాడుకునే ముసలి మనిషి వైద్యుడి దగ్గరికి చేరకముందే ఊరి అనుమానానికి గురయ్యే ప్రమాదం ఉండేది. బాణామతి పేరుతో దాడులూ హత్యలూ జరిగాయి. హైదరాబాద్ రాజ్యానికి ఉన్న మానసిక ఆసుపత్రి ఆ రోజుల్లో జాల్నాలో ఉండేది. 1953లో అది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు మారింది. నారాయణఖేడ్ నుంచి ఎర్రగడ్డ వంద కిలోమీటర్లకు పైమాటే. అక్కడికి తీసుకుపోవడమంటే చేతులెత్తేయడమే అని జనం అనుకునేవారు. అందుకే నిద్ర పట్టక, అన్నం సయించక కుంగిపోతున్న తాతను అంతదూరం తీసుకుపోవాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.

దేశంలో మొదటి నాలుగు జిల్లాల్లో ఒకటి

ఈ ప్రాంతంలోనే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైనప్పుడు ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి. 1996లో మెదక్‌తో పాటు అస్సాంలోని నగావ్, రాజస్థాన్‌లోని సీకర్, తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లాల్లో అది ప్రారంభమైంది. నారాయణఖేడ్ అప్పుడు మెదక్ జిల్లాలోనే ఉంది.

దాని వెనుక ఇరవై ఏళ్ల సాధన ఉంది. 1970ల్లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు సకలవారలోనూ, చండీగఢ్ వైద్యులు హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలోనూ ఒక పద్ధతిని పరీక్షించి చూశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని మామూలు డాక్టర్‌కు, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ ఇస్తే చాలా మానసిక జబ్బులకు ఊళ్లోనే వైద్యం చేయవచ్చని తేలింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985 నుంచి బళ్లారి జిల్లాలో ఆ పద్ధతిని జిల్లా అంతటా అమలు చేశారు. బళ్లారి నమూనానే 1996లో నాలుగు జిల్లాలకు తెచ్చారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, సామాజిక కార్యకర్త, నర్సు ఉన్న చిన్న బృందం, కొన్ని పడకలు, కింది ఆసుపత్రుల డాక్టర్లకు శిక్షణ, మందుల సరఫరా దాని అంగాలు.

ఎర్రగడ్డ దాకా పోవలసిన జబ్బుకు జిల్లా ఆసుపత్రిలో మందు దొరకడం చిన్న మార్పు కాదు. మూర్ఛ, తీవ్రమైన మతిభ్రమణం ఉన్న కుటుంబాలకు అది పెద్ద ఊరట. కానీ ఈ పద్ధతి అంతా ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చినవాళ్ల కోసం. ముసలివాళ్ల కుంగుబాటు గుమ్మం దాకా రాదు. 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 8.3 శాతం మందిలో తీవ్ర కుంగుబాటు లక్షణాలున్నాయని, వైద్యులు గుర్తించి చెప్పింది మాత్రం 0.8 శాతం మందికేనని 2017-18లో దేశవ్యాప్తంగా జరిపిన వృద్ధుల సర్వేలో తేలింది. పదిమందిలో తొమ్మిదిమంది బాధ పేరు లేకుండానే ఉండిపోతున్నదన్నమాట. కీళ్ల నొప్పి, తిమ్మిరి, గుండె దడ, నిద్రలేమి అని చెప్పుకుని నొప్పి మాత్రలు తెచ్చుకునేవాళ్లలో వీళ్లు కలిసిపోతారు.

కల్లు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లులో నిద్రమాత్రల మందు, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఏళ్లుగా ఉంది. ఒంటరి ముసలివాళ్లు ఎందరో రాత్రి నిద్రకు దాని మీదే ఆధారపడ్డారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీని అరికట్టగానే వందలమంది వణుకు, భ్రమలు, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. అన్నాళ్లూ కనిపించని బాధ అలా వీధిన పడింది. వచ్చినవాళ్లకు అప్పటికప్పుడు వైద్యం జరిగింది. వాళ్లను కల్లు దుకాణం దాకా నడిపించిన ఒంటరితనానికి మాత్రం ఎవరూ చీటీ రాయలేదు.

చెరుకు కోత కాలం

నారాయణఖేడ్ చుట్టూ ఉన్న తండాల్లో వానాధార పంట చేతికొచ్చాక పని ఉండదు. దసరా, దీపావళి దాటగానే గుంపు మేస్త్రీలు భార్యాభర్తలను ఒక జోడీగా లెక్కగట్టి, ముందే అడ్వాన్సు ఇచ్చి, మహారాష్ట్ర, కర్ణాటకలకూ, జహీరాబాద్, నిజాంసాగర్ వైపు చెరుకు తోటలకూ తీసుకుపోతారు. తిరిగి రావడం వేసవి మొదట్లోనే. జోడీకే కూలి కాబట్టి కత్తి పట్టలేని ముసలివాళ్లు లెక్కలోకి రారు. వాళ్లు తండాలోనే ఆగిపోతారు, తరచూ మనవళ్లతో.

డిసెంబరులో అలాంటి తండాలో పొద్దున తిరిగితే వరుసగా తాళాలు కనిపిస్తాయి. మధ్యలో ఒక గుమ్మం ముందు అవ్వ పొయ్యి ఊదుతూ ఉంటుంది. పక్కనే మనవరాలు బడి సంచితో రొట్టె కోసం కాచుకుని ఉంటుంది. రాత్రి అవ్వకు జ్వరమొస్తే ఆ పిల్లే నీళ్లిచ్చే మనిషి. పిల్లలు చదువు మానకుండా ఉండాలని విద్యా శాఖ ఈ వలస గ్రామాల్లో సీజనల్ హాస్టళ్లు తెచ్చింది. మంచి పని. అదే ఇంట్లో మిగిలిన ముసలి మనిషికి ఆ నాలుగైదు నెలలు ఒక పూట వేడి అన్నం, రాత్రి తోడు, వారానికోసారి నర్సు పలకరింపు ఉండాలన్న ఊహ ఆ పథకానికి రాలేదు. హాస్టలు నడిచే బడిలోనే, అదే వంటతో, అవ్వలనూ కూర్చోబెట్టవచ్చు. అది జరగకపోవడానికి డబ్బు కన్నా శాఖల మధ్య గోడలే ఎక్కువ అడ్డం.

పించను

వృద్ధాప్య పించను దేశంలో మొదట 1957లో ఉత్తరప్రదేశ్‌లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1960ల మొదటికి అమల్లోకి వచ్చింది. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద నెలకు 75 రూపాయలతో మొదలుపెట్టింది. అది 2006లో 200 అయింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014 నవంబరులో ఆసరా పేరుతో 1,000 రూపాయలు, 2019లో 2,016 రూపాయలు అయింది. 65 ఏళ్ల వయోపరిమితిని 2022లో 57కు తగ్గించారు. ఒంటరి మహిళలకు 2017లో ప్రత్యేకంగా పించను ఇచ్చారు.

ఈ డబ్బు ఇంట్లో ముసలివాళ్ల స్థానాన్ని మార్చింది. వంతు నెలలో భారం అనిపించిన తల్లి పించను తెచ్చే తల్లి అయింది. పించను రోజు పోస్టాఫీసు ముందు బారులు తీరిన అవ్వలు, తాతలు కబుర్లు చెప్పుకుంటారు, ఎవరు రాలేదో గమనిస్తారు, ఎందుకు రాలేదో వాకబు చేస్తారు. పొలం పనుల్లో వేళ్లు అరిగి యంత్రం మీద ముద్ర పడని వాళ్లకు పంచాయతీ కార్యదర్శి తన వేలిముద్రతో ఇప్పించే వెసులుబాటు పెట్టారు. నెలకోసారి ఇంతమంది ముసలివాళ్లు ఒకచోట చేరే సందర్భం ఊళ్లో ఇంకొకటి లేదు. ఆ వరుస పక్కన ఒక బల్ల వేసుకుని నర్సు కూర్చుంటే, పించనుకు రాని మనిషి ఇంటికి ఆ సాయంత్రం ఆశా కార్యకర్త వెళితే, చాలా కష్టాలు ముందే దొరికిపోతాయి.

గూడు, చట్టం

తల్లిదండ్రుల పోషణ బాధ్యత 1973 నాటి నేర విచారణ స్మృతి 125వ సెక్షన్‌లోనే ఉండేది. అది మేజిస్ట్రేటు కోర్టు దారి. పొలం అమ్ముకున్నా తెగని వ్యాజ్యాలుండేవి. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆ అధికారాన్ని రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకుంటామని ఆస్తి రాయించుకుని చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ రాత రద్దు చేయవచ్చు. అలా రద్దయినప్పుడు ఇల్లు తిరిగి స్వాధీనం చేసే అధికారమూ ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. దాంతో ట్రిబ్యునల్ ఖేడ్‌కే వచ్చింది. ముసలి మనిషి బస్సెక్కి పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరగల దూరమిది.

అయితే కొడుకు మీద ఉత్తర్వు తెచ్చుకున్న తల్లి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? 19వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం పెట్టవచ్చు. చట్టంలో ఉన్న మాట పెట్టవచ్చు అనే, పెట్టి తీరాలి అని కాదు. 2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏ జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి లెక్క తెప్పించమని కేంద్రాన్ని ఆదేశించవలసి వచ్చింది.

తెలుగునాట ఆశ్రమాలు అంతకుముందే స్వచ్ఛంద సంస్థల చేతుల్లో పెరిగాయి. విశాఖపట్నం ప్రేమసమాజం 1930 నుంచి ఉంది. సికింద్రాబాద్‌లో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సన్యాసినులు నడిపే వృద్ధాశ్రమం పాతది. 1992 నుంచి కేంద్రం 25 మంది వృద్ధుల ఆశ్రమాలకు సంస్థల ద్వారా గ్రాంటు ఇస్తోంది. 25 మందిలో ఒకరి పేరు ఇంకొకరికి తెలుస్తుంది. 150 మందిలో అది కష్టం. 1956లో లండన్‌లోని బెర్మండ్సేలో రిచర్డ్ కార్-గామ్ అనే మాజీ సైనికాధికారి ఒంటరి వృద్ధులు కొద్దిమందిని ఒకే ఇంట్లో, ఎవరి గది వాళ్లకు, భోజనం కలిసి అన్న పద్ధతిలో ఉంచాడు. అబీఫీల్డ్ పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది. మనకు దగ్గరలో, 2004 సునామీ తర్వాత హెల్పేజ్ ఇండియా తమిళనాడులోని కడలూరు దగ్గర తామరైకుళం అనే వృద్ధుల గ్రామాన్ని కట్టింది. అక్కడ ముసలివాళ్లే తోట పని, వంట పని పంచుకుంటారు. ఖేడ్ తండాలకు సరిపోయేది ఈ తీరే. తన భాష, తన దేవుడు, తన తోటివాళ్లు ఉన్న ఊరి అంచున నాలుగైదు గదుల ఇల్లు కావాలి. జిల్లా కేంద్రంలో పెద్ద భవనం కట్టి లంబాడీ మాత్రమే తెలిసిన అవ్వను అందులో చేరిస్తే ఆమె తిండికి బతుకుతుంది, మాటకు చచ్చిపోతుంది.

ప్రభుత్వ ఇళ్ల పథకాలు ఈ అవసరాన్ని పట్టించుకోలేదు. 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు గానీ, 2024లో మొదలైన 5 లక్షల ఇందిరమ్మ ఇల్లు గానీ కుటుంబాన్ని లెక్కలో పెట్టుకున్నవే. ఇందిరమ్మ ఇంటికి సొంత స్థలం కావాలి. పునాది పూర్తయ్యాకే మొదటి లక్ష వస్తుంది. డెబ్బై ఏళ్ల ఒంటరి మనిషి ఆ పునాది ఎవరితో వేయించుకోవాలి?

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ 19వ సెక్షనే ముఖ్యం. మానసిక జబ్బు ఉన్న మనిషికి సమాజంలోనే బతికే హక్కు ఉందని, ఇల్లు లేదనో ఇంటివాళ్లు వద్దన్నారనో ఆసుపత్రిలోనే ఉంచకూడదని అది చెబుతుంది. అలాంటివాళ్లకు సహాయంతో కూడిన నివాసాలు కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఒక 19వ సెక్షన్ సంక్షేమ శాఖ చేతిలో, రెండోది ఆరోగ్య శాఖ చేతిలో ఉన్నాయి. కుంగిపోయిన, ఇల్లు లేని ముసలి మనిషి ఈ రెంటికీ హక్కుదారే. ఒకే దరఖాస్తుతో రెండూ అందే కిటికీ మాత్రం లేదు.

ఫోను సాయం కొంత ముందుకు పోయింది. టాటా ట్రస్టులు, విజయవాహిని ఫౌండేషన్ 2017లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన వృద్ధుల హెల్ప్‌లైనే ఇవాళ దేశమంతటా 14567 నంబరుతో నడుస్తున్న ఎల్డర్ లైన్. 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దాన్ని జాతికి అంకితం చేశారు. పించను, చట్టం, ఇంట్లో వేధింపులు, వీధిన పడ్డ వృద్ధులను చేరదీయడం దాని పనులు. మానసిక సలహాకు 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ 14416 ఉంది. అదే ఏడాది సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడంతో జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. మంచాన పడ్డవాళ్ల ఇంటికే వెళ్లే ఆలన అనే పాలియేటివ్ (ఉపశమన వైద్య) బృందాలు జిల్లాల్లో పనిచేస్తున్నాయి. ఆలన బండి ఇంటి లోపలికి వస్తుంది, మంచం పక్కన కూర్చుంటుంది, ఇంటివాళ్లతో మాట్లాడుతుంది. కుంగుబాటు, మతిమరుపు ఉన్నవాళ్లను కూడా ఆ జాబితాలో చేర్చి, దసరా నుంచి ఉగాది దాకా వలస తండాలకు ఆ బండిని పంపడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.